కలెక్టరుకి వినపడకుండా

ఎర్రటి ఎండలో బైకు తోసుకుంటూ వచ్చే మనిషిని చూస్తే ఎవరికైనా ఒకటే ఆలోచన వస్తుంది. తులసికీ అదే వచ్చింది. పొందూరులో నేతగాళ్ళ వీధి మొదట్లో స్కూటీ ఆపి, చొక్కా చేతితో మొహం తుడుచుకుంటున్న కుర్రాణ్ణి చూసి, "పెట్రోలు అయిపోయిందా? బంకు వెనక ఉండిపోయింది" అంది.

"ట్యాంకు నిండా ఉన్నాది" అన్నాడతను.

"మరెందుకు తోస్తున్నారు?"

"రోజూ కొంచెం నడిపించమని బండికి డాక్టరు సెప్పేడు."

తులసికి ఒళ్ళు మండింది. పొద్దుట్నుంచీ గేదెలకీ మేకలకీ సూదులు వేసి వేసి చెయ్యి పీకేస్తోంది. ఆమె రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకురాలు. ఊళ్ళో వాళ్ళంతా పశువుల డాక్టరమ్మ అనేస్తారు. కాదు, అసిస్టెంటునని మొదట్లో సరిదిద్దేది, తర్వాత విసుగొచ్చి మానేసింది.

"కూర్మమ్మగారి ఇల్లెక్కడో చెప్తారా? వాళ్ళ కుక్కకి రేబిస్ టీకా వెయ్యాలి."

"ఆ ఇంట్లో కుక్క అనకండి, కలెక్టరు అనాలి. లేపోతే కోపం వస్తాది."

"కుక్కకా?"

"మా అమ్మకి" అని అతను మళ్ళీ బండి తోసుకుంటూ ముందుకు నడిచాడు. తులసి స్కూటీ మీద నత్తనడకన అతని వెనకాలే వెళ్ళింది. వీధిలో వాళ్ళెవరూ అతన్ని వింతగా చూడలేదు.

అతని పేరు గోవింద్. ఎచ్చెర్లలో పీజీ చేసి వచ్చి, తండ్రి వదిలి వెళ్ళిన మగ్గం మీదే కూర్చున్నాడు. ఇద్దరు కొడుకుల్లో ఒకడైనా కలెక్టరు కావాలని ఆ తండ్రి ఆశపడ్డాడట. ఇద్దరూ కాలేదు. పెద్దవాడు ఉమాశంకర్ ఒకరోజు విశాఖపట్నం నుంచి గుప్పెడంత రాట్‌వీలర్ పిల్లని చొక్కాలో పెట్టుకొచ్చి, "ఇదిగో నాన్న కోరిక తీర్చేశాను" అని దానికా పేరు పెట్టేశాడు. ఆ గుప్పెడు ఇప్పుడు దూడంత అయింది.

వసారాలో కూర్మమ్మ పత్తి దువ్వుతోంది. ఆవిడ చేతిలో ఉన్నది దువ్వెన కాదు, వాలుగ చేప దవడ ఎముక. దానికి సూదుల్లాంటి సన్నటి పళ్ళు వరసలుగా ఉంటాయి. పొందూరు సన్నఖాదీకి పత్తిని దాంతోనే దువ్వుతారు. నలుసులన్నీ రాలిపోయి పీచు మెత్తగా తేలుతుంది. ఆవిడ పక్కనే మూడేళ్ళ మనవరాలు పైడి ప్లాస్టిక్ దువ్వెన పట్టుకుని గుప్పెడు పత్తిని మహా శ్రద్ధగా దువ్వుతోంది.

"పత్తి అయిపోతే నా తల దువ్వుతాది. నా తల అయిపోతే గోడ దువ్వుతాది. దీనికి సావకాశం లేదమ్మా" అంది కూర్మమ్మ.

పెరట్లో మునగచెట్టు కింద కలెక్టరు పడుకుని ఉంది. నల్లటి ఒళ్ళు, కళ్ళపైన రెండు తేనెరంగు చుక్కలు, కూజా అంత తల. తులసి సూది వేస్తే కనురెప్ప కూడా ఆడించలేదు. దాని తల ఒళ్ళో పెట్టుకున్న గోవింద్ మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని మొహం తిప్పేసుకున్నాడు.

"అయిపోయింది. కళ్ళు తెరవండి, మీక్కాదు వేసింది" అంది తులసి.

అప్పుడే గోవింద్ వదిన శైలజ మంచినీళ్ళు తెచ్చింది. గోడమీద ఉమాశంకర్ ఫొటో, దానికి దండ చూసి తులసికి సంగతి అర్థమైంది. హైవే మీద ప్రమాదమట, కిందటి ఏడాది. స్నేహితుడి కారులో వెళ్ళి మరి రాలేదు.

"ఒక మాట సెప్పండమ్మా" అంది శైలజ. "మాది చీపురుపల్లి. మా నాన్న రోజూ ఫోన్ చేసి ఒకటే పోరు. చంటిపిల్లున్న ఇంట్లో ఇంత కుక్కేటి, డాక్టరు ఉండొచ్చంటే ఉంచు, వద్దంటే పిల్లని తీసుకుని మా ఇంటికొచ్చీ అంటన్నాడు. మా ఆయన పెంచుకున్న కుక్క. దాన్ని వదిలి నేను ఎళ్ళలేను, పిల్లని దాని దగ్గర ఉంచడానికీ భయమే. మీరేమంటే అది."

తులసి మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "కుక్క మంచిదేనక్కా. మంచిదైతే చాలదు. దీని బరువు పైడికి మూడు నాలుగింతలుంటుంది. సంతోషంగా ఒక్కసారి ఇటు తిరిగినా పిల్ల అటు పడుతుంది. పిల్లేమో చెవి పీకుతుంది, కంట్లో వేలు పెడుతుంది. ఎంతవరకూ ఓర్చుకుంటుందో అది నోరు తెరిచి చెప్పలేదు కదా."

"అంటే వద్దంటారా?" అన్నాడు గోవింద్. అతని గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

"వద్దనలేదు. కొన్నాళ్ళు చూడకుండా చెప్పలేనంటున్నాను."

"ఐదు నిమిషాలు సూసి పెళ్ళిళ్ళే కుదిర్చేస్తన్నారు."

"అందుకే అవి అలా ఏడుస్తన్నాయి" అంది తులసి. కోపం వస్తే ఆమె ఆఫీసు తెలుగు జారిపోయి సొంతూరు రాజాం తెలుగు వచ్చేస్తుంది. గోవింద్ మొదటిసారి నవ్వాడు.

వెళ్ళేటప్పుడు శైలజ వీధి దాకా వచ్చింది. గోడవారగా నిలబెట్టిన బైకు చూసి తులసి ఆగింది.

"ఆయన బండి" అంది శైలజ. "ఆ చప్పుడు వింటే కలెక్టరు ఆయనే వచ్చాడనుకుంటాడు. మొదటిసారి గోవింద్ దీన్నేసుకుని వచ్చిన రోజు గొలుసు తెంపుకుని గుమ్మం దాకా పరిగెట్టాడు. మనిషిని సూసి అక్కడే కూలబడిపోయాడు. అందుకని వీధి మొదట్లోనే ఇంజను ఆపేసి తోసుకొస్తాడు. కలెక్టరు కోసమంటాడు." ఆమె చీర చెంగు సవరించుకుంది. "ఆ రోజు గుమ్మం దాకా పరిగెట్టింది కలెక్టరొక్కడే కాదు. నా కోసమని కూడా నాకు తెలుసు."

పెట్రోలు అయిపోయిందా అని తను అడిగింది గుర్తొచ్చి తులసికి తల కొట్టేసినట్టయింది.

*

తొలకరి పడ్డప్పటి నుంచి ప్రతి వారం తులసి ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. కలెక్టరుకి నేర్పాలి, కలెక్టరు కంటే ముందు ఇంట్లో వాళ్ళకి నేర్పాలి. అది తింటున్నప్పుడు పిల్ల దగ్గరికి పోకూడదు. దాని నోట్లోది పిల్ల లాగకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. పెద్దవాళ్ళెవరో ఒకరు చూస్తూ లేకుండా ఆ ఇద్దరినీ ఒకచోట ఉంచకూడదు, ఒక్క నిమిషమైనా సరే.

కలెక్టరుకి ఎంతో ఇష్టమైనది పీచు కొబ్బరి డొక్క. అది నోట కరుచుకుని ఊరేగుతాడు. తులసి దాంతోనే పాఠం మొదలుపెట్టింది. "వదిలీ" అనగానే నోట్లో ఏముంటే అది కింద పెట్టి, వెనక్కి జరిగి పడుకోవాలి. రెండు వారాల్లో నేర్చేసుకున్నాడు. తులసి గొంతు వింటే చాలు, ఎంత ఇష్టమైనదైనా వదిలేసేవాడు. ఆమె కూడా ఎప్పుడో తెలియకుండానే 'అది' అనడం మానేసి 'వాడు' అనడం మొదలుపెట్టింది.

"నాకూ నేర్పకపోయారా మేడమ్" అన్నాడు గోవింద్ ఒకరోజు.

"మీరేం పట్టుకున్నారు, వదలడానికి?"

"టైమొచ్చినప్పుడు సెప్తాను."

ఆ మాటకి తులసి తల వంచుకుని కలెక్టరు చెవులు పరీక్ష చేసింది. అప్పటికే రెండుసార్లు పరీక్ష చేసిన చెవులే అవి. మునగచెట్టు మీంచి వాన చినుకులు కలెక్టరు వీపు మీద టపటపా రాలుతుంటే, అవి పట్టుకోవాలని పైడి రెండు చేతులూ చాపేది. గోవింద్ పైడిని ఎత్తుకుని, ఆ నెపంతో తులసి పక్కకి వచ్చి నిలబడేవాడు.

కూర్మమ్మ కళ్ళు పత్తి మీదే ఉన్నట్టుంటాయి కానీ ఆవిడకి అన్నీ కనపడతాయి. ఒకనాడు టీ గ్లాసు అందుకుంటూ తులసి, "చాలు పెద్దమ్మా" అంది.

"ఏటన్నావు?"

"చాలన్నాను."

"అది కాదు, పెద్దమ్మ అన్నావు. నాను నీకు పెద్దమ్మయితే నా కొడుకు నీకేటవుతాడో లెక్కేసుకున్నావా?" కూర్మమ్మ దువ్వడం ఆపలేదు. "అత్తా అను. నోరేం నొప్పెట్టదు."

మగ్గం మీద కూర్చున్న గోవింద్ చేతిలో పోగు తెగింది. తులసి ఆ రోజు టీ తాగకుండానే వెళ్ళిపోయింది. దారి పొడుగునా వాన పడింది. స్కూటీ మీద తడుస్తూ ఒక్కతే నవ్వుకుంది.

శైలజ తండ్రి నరసింగరావు ఆదివారం వచ్చి జవాబు వినిపోతానని కబురు పెట్టాడు. తులసి జవాబు సిద్ధం చేసుకుంది. కుక్కని ఉంచొచ్చు. కలెక్టరు ఓర్పు చూసింది, ఇంట్లో వాళ్ళ జాగ్రత్త చూసింది. ఆ జవాబులో గోవింద్ మొహం కూడా కొంచెం కలిసి ఉందని ఆమెకి తెలుసు. తెలిసినా దాన్ని విడదీసి చూసుకోలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి కూర్మమ్మ, శైలజ వడికిన నూలు ఖాదీ సంఘంలో ఇచ్చి రావడానికి వెళ్ళారు. పెరటి వసారాలో చాప మీద పైడి నిద్రపోతోంది. గుమ్మానికి అవతల కలెక్టరు పడుకున్నాడు. ఆ పొద్దున్నే చేప దవడలు అమ్మేవాడు వచ్చి వెళ్ళాడు. కూర్మమ్మ కొత్తవి కొని, కడిగి, వసారా పిట్టగోడ మీద ఆరబెట్టి వెళ్ళింది.

వాన మొదలైంది. పెంకుల మీద మోత. గోవింద్ వీధి వసారాలోకి వచ్చి, "ఆదివారం మావయ్యకేటి సెప్తారు?" అనడిగాడు.

"ఉంచొచ్చని."

అతను కళ్ళు తుడుచుకుని, వాన జల్లు అన్నాడు. వాన అటు వైపు కొడుతోంది, వసారాలోకి ఒక్క చుక్క పడటం లేదు.

"వాడొక్కడే మిగిలాడు మాకు, అన్నయ్యది" అన్నాడు. "తులసీ, నువ్వు..."

మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. మొదటిసారి నువ్వు అన్నాడు. తర్వాతి మాట ఏమిటో తులసికి తెలుసు. తెలిసినా అతని నోటే వినాలని అతని మొహంలోకి చూసింది. అతనూ చూశాడు. వాన చప్పుడు తప్ప ఇంకేమీ వాళ్ళకి వినపడలేదు.

పైడి కేక వినపడింది.

తులసి ముందు పరిగెత్తింది. వసారా అంతా పత్తి చెల్లాచెదురుగా ఉంది. పైడి కూర్చుని ఉంది. దాని చేతి మీద కలెక్టరు నోరుంది. "వదిలీ" అని అరిచింది తులసి. కలెక్టరు ఆ క్షణమే నోరు తెరిచాడు, వెనక్కి జరిగాడు, గడ్డం నేలకి ఆనించి పడుకున్నాడు. పైడి ముంజేతి నిండా రక్తం. కడిగితే వరసగా సన్నటి గాట్లు, పక్కన చీరుకుపోయిన తోలు.

ఆసుపత్రిలో డాక్టరు, "కుక్క కరిచిందా?" అనడిగాడు.

"అవును" అంది తులసి.

శైలజ పరుగున వచ్చింది. పిల్లని గుండెకి అదుముకుని, "కలెక్టరు కరిచాడా అమ్మా?" అనడిగింది. పైడి ఏడుస్తూనే తలూపింది. ఆ ఏడుపులో ఏమడిగినా తలూపేదే.

నరసింగరావు ఆదివారం దాకా ఆగలేదు. సాయంత్రానికి వచ్చాడు. వేరుశనగ పండించుకునే రైతు, పెద్దమనిషి. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. "సంచి సర్దుకో అమ్మా" అని కూతురితో అన్నాడంతే. ఏమీ అననందుకే అందరికీ మరింత కష్టంగా ఉంది. కూర్మమ్మ మనవరాలి కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని ఆటో దాకా నడిచింది. తిరిగి వచ్చి రాట్నాన్ని గోడవైపు తిప్పి పెట్టేసింది.

ఇక వాణ్ణి ఆ ఇంట్లో ఉంచే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పలాస అవతల గోవింద్ స్నేహితుడు త్రినాథ్‌కి జీడితోట ఉంది. ఎలుగుబంట్లు తిరిగే చోటు, కాపలాకి కుక్క కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. వ్యాను వచ్చింది. గోవింద్ ఎక్కమంటే కలెక్టరు ఎక్కాడు. డొక్క ఇస్తే పట్టుకోలేదు.

వ్యాను వెళ్ళాక తులసి ఏదో అనబోయింది. గోవింద్ ఆమె వైపు చూడకుండా అన్నాడు. "నీ మీద కోపం లేదు తులసీ. నిన్ను సూస్తే ఆ కేక వినిపిస్తన్నాది, అంతే. ఆ టైములో నేను పిల్లని సూడాలి. నిన్ను సూస్తన్నాను."

తులసి చూసిందీ అతన్నే కదా. పెద్ద నియమం ఆమె పెట్టిందే, మొదట తప్పింది కూడా ఆమే. ఆ వీధికి వెళ్ళడం మానేసింది. ప్రేమించానని ఎవరికైనా చెప్పుకుందామంటే, ఆ ప్రేమ గుర్తొచ్చినప్పుడల్లా పసిపిల్ల చేతి మీద రక్తం గుర్తొస్తోంది. అలాంటిది ఎవరితో చెప్పుకుంటుంది?

*

మంచు పడే రోజుల్లో ఒక పొద్దున్న కూర్మమ్మే కేంద్రానికి వచ్చింది. చేతిలో చిన్న గుడ్డ మూట. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఇల్లు దులిపినాను. పత్తి బస్తాలు జరిపితే గోడ మూల ఇది దొరికింది. సూడు."

మూటలో కొత్త చేప దవడ ఉంది. ఒక్కసారి కూడా పత్తికి వాడినది కాదు. ఒక కొసని పెద్ద పళ్ళ గాట్లు ఉన్నాయి. సన్నటి పళ్ళ సందుల్లో పొట్టి పొట్టి నల్లటి వెంట్రుకలు, గుప్పెడు, నిండా ఇరుక్కుని ఉన్నాయి.

తులసికి ఒక్క క్షణం అర్థం కాలేదు. కూర్మమ్మ ఆమె చెయ్యి తీసుకుని, ముంజేతి మీద ఆ దవడని మెల్లగా నొక్కి తీసింది. ఎర్రటి చుక్కలు వరసగా లేచాయి. తులసి ఆ వరసని ఇంతకు ముందు చూసింది.

"మన పైడి గుంట లేసింది. కొత్త దవడ అందింది. నాను పత్తిని దువ్వినట్టు వాణ్ణి దువ్వింది" అంది కూర్మమ్మ. "దీంతో నాను పొద్దస్తమానం పని సేస్తాను. దీనికి పళ్ళున్నాయని ఆ రోజు నాకే తోసలేదు. ఇంక నీకేటి తోస్తాది. ఆ నొప్పికి వాడు దీన్ని నోట పట్టుకున్నాడు, గుంట వదల్లేదు. లాక్కుంటే దాని సెయ్యి సీరుకుపోనాది."

తులసి 'వదిలీ' అన్నప్పుడు కలెక్టరు నోరు తెరిచాడు. వదిలింది పిల్ల చేతిని అనుకుంది; వదిలింది ఈ దవడని, అది బస్తాల వెనక్కి పడిపోయింది. కలెక్టరు దవడ నిజంగా పట్టి ఉంటే ఆ లేత ఎముక మిగిలేదా? చదువుకున్నది, చూసింది, చూసిందాన్నే తప్పుగా చూసింది. ఆ గోడమూల దాకా ఎవరూ చూడలేదు.

"అమ్మా, కుక్క కరిచిందా అంటే నేనే అవునని చెప్పానమ్మా" అని ఏడ్చింది.

"అత్తా అనమన్నాను కదా, అమ్మా అంటావేటి?" అంది కూర్మమ్మ. ఆవిడ కూడా ఏడుస్తోంది.

ఆ ఆదివారం కూర్మమ్మ కబురు పెడితే శైలజ పిల్లని తీసుకుని వచ్చింది. తులసినీ రమ్మన్నారు. దవడ చూపించగానే పైడి గుర్తుపట్టింది.

"కలెత్తరుకి దువ్వినాను" అంది.

"మరి వాడేటన్నాడు?" అనడిగాడు గోవింద్.

"గుర్రు అన్నాడు. మళ్ళీ దువ్వినాను. మళ్ళీ గుర్రు అన్నాడు. మళ్ళీ దువ్వినాను."

గోవింద్ మొహం మీద చాలా రోజుల తర్వాత వెలుగొచ్చింది. బండి తాళం అప్పటికే చేతిలో ఉంది. శైలజ కళ్ళు తుడుచుకుని తులసి వైపు తిరిగింది.

"మా నాన్నకి నేను సెప్పుకుంటాను. ఆ రోజు అడిగిన మాటే మళ్ళీ అడుగుతన్నాను. పిల్లున్న ఇంట్లో వాణ్ణి ఉంచొచ్చా? తెచ్చీమంటావా?"

గోవింద్ ఆమె వైపే చూస్తున్నాడు. ఎంత ఆశగా చూస్తున్నాడో తులసికి కనపడుతూనే ఉంది. అవునంటే చాలు, పోయినవన్నీ ఒక్కసారి తిరిగొస్తాయి. కలెక్టరు, ఈ ఇల్లు, సగంలో ఆగిపోయిన ఆ మాట. ఆ రోజు జవాబు సిద్ధం చేసుకున్నప్పుడు దాన్లో అతని మొహం కలిసిపోయింది. ఈసారి కలవనివ్వకూడదనుకుని నేలని చూస్తూ చెప్పింది.

"వద్దక్కా."

శైలజ పైడిని దగ్గరికి లాక్కుంటే, తులసి తల ఎత్తకుండానే చెప్పింది.

"వాడి తప్పు ఏం లేదు. వాడు రెండుసార్లు చెప్పాడు. వినడానికి మనం లేము. ఇద్దరం పెద్దవాళ్ళం ఇంట్లో ఉండి కూడా లేము. మళ్ళీ అలా ఉండమని నేను మాటివ్వలేను, మీరూ ఇవ్వలేరు. వండుకోవాలి, నెయ్యాలి, ఒక్క నిమిషం ఎటో చూస్తాం. ఇలాంటి కుక్కా ఇంత పిల్లా ఉన్న ఇంట్లో ఆ ఒక్క నిమిషం ఉండకూడదు. పిల్ల పెద్దదయ్యే దాకా వద్దు."

గోవింద్ తాళం మేకుకి తగిలించి పెరట్లోకి వెళ్ళిపోయాడు. మునగచెట్టు కింద, కలెక్టరు పడుకుని పడుకుని గుంట పడిన చోట నిలబడ్డాడు. తులసికి అంతా అయిపోయినట్టే అనిపించింది. చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి అతని గొంతు వినపడింది.

"రేపు తోటకి ఎళ్తన్నాను. వాడికి ఒక మాట సెప్పాలి కదా, వాడి తప్పు కాదని. ఒక్కణ్ణీ సెప్పలేను. వస్తావా?"

*

జీడితోట దగ్గరపడేసరికి గోవింద్ ఇంజను ఆపేశాడు. తులసి ఏమీ అడక్కుండా దిగి, వెనకనుంచి బండి తోసింది. ఇసక దారి, చక్రాలు కూరుకుపోతున్నాయి. ముళ్ళకంచె దగ్గర తోట కాపలా చూసే ముసలామె జగ్గమ్మ ఎదురొచ్చింది.

"కలెక్టరు కోసమేనా? అదిగో" అంది. "ఎలుగు వస్తే ముందు వీడే లేస్తాడు. నాకు ధైర్యం. తీసుకుపోతారేటి?"

గోవింద్ జవాబు చెప్పేలోపల చెట్ల మధ్యనుంచి కలెక్టరు వచ్చేశాడు. చిక్కిపోయాడు. నోట్లో కొబ్బరి డొక్క. గోవింద్‌ని చూసి ఒళ్ళంతా ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు, దగ్గరికంటా వచ్చాడు, అప్పుడు తులసిని చూశాడు.

ఆగిపోయాడు. తోక దిగిపోయింది. ఎవరూ ఏమీ అనకుండానే నోట్లో డొక్క కింద పెట్టాడు. వెనక్కి జరిగి, గడ్డం ఇసకలో ఆనించి పడుకున్నాడు.

తులసి అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. "నువ్వేం చెయ్యలేదురా" అంది. "నువ్వేం పట్టుకోలేదు. నేనే సరిగ్గా చూడలేదు. తీసుకో, నీదే, తీసుకోరా" అని డొక్క వాడి నోటి దగ్గర పెట్టింది. కలెక్టరు తీసుకోలేదు. ఆమె మొహంలోకి చూస్తూ పడుకున్నాడు. మెడ మీద వెంట్రుకలు లేని మచ్చలు వరసగా ఉన్నాయి. పైడి దువ్విన చోటు అది. తులసి వాటి మీద చెయ్యి వేసి చాలాసేపు ఏడ్చింది. గోవింద్ వచ్చి అటుపక్క కూర్చున్నాడు. అతను వాడికి చెబుదామని తెచ్చుకున్న మాట నోటివెంట రాలేదు, వాడి చెవి నిమురుతూ ఉండిపోయాడు.

జగ్గమ్మ ఇద్దరికీ అంబలి పోసి ఇచ్చింది. వాళ్ళు తాగడం ముగిసేసరికి కలెక్టరు లేచి, మెల్లగా వచ్చి, ఆ డొక్క నోట పట్టుకుని తులసి కాళ్ళ దగ్గర పడుకున్నాడు. ఆమె ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

"తీసుకుపోం మామ్మా. నీ దగ్గరే ఉంటాడు" అన్నాడు గోవింద్. "మేం వచ్చి సూస్తంటాం."

మేం అన్నాడు. తులసి విన్నది.

ఎండ వాలాక లేచారు. కలెక్టరు కంచె దాకా వచ్చి నిలబడ్డాడు. గోవింద్ బండి ఎక్కలేదు. హ్యాండిలు పట్టుకుని తోశాడు. తులసి వెనక చెయ్యి వేసింది. ఇంజను చప్పుడు వింటే వాడు ఎవరొచ్చారనుకుంటాడో ఇద్దరికీ తెలుసు. వెనక్కి తిరిగి చూడకుండా కొంతదూరం తోశారు.

"ఆ రోజు వానలో ఒక మాట అడగబోయాను" అన్నాడు గోవింద్ ముందుకే చూస్తూ. "మళ్ళీ అడగడానికి నోరు రాలేదు. ఎప్పుడు తల్చుకున్నా పిల్ల కేకే వినిపించేది. నిన్న నువ్వు వద్దన్నప్పుడు కోపం వచ్చింది. రాత్రంతా పడుకుని ఆలోచించాను. నా మొహం సూసి అవునని ఉంటే, జీవితమంతా నీ మాట నమ్మేవాణ్ణి కాదు."

"అయితే?"

"అయితే ఏటి. అమ్మ ఎప్పుడో అత్తా అనమంది కదా. నువ్వనడమే ఆలస్యం."

తులసికి నవ్వు రాలేదు, ఏడుపే వచ్చింది. "ఇలాంటి మాట బండి తోస్తూ అడుగుతారేటి ఎవరైనా?" అంది. రాజాం తెలుగు వచ్చేసింది. బండి మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఆగి అడగమంటావా?"

"వద్దు. ఇంకా వినిపిస్తాది వాడికి. తొయ్యి" అంది. కాసేపాగి, "సరే" అంది.

ఎదురుగా తలమీద పుల్లల మోపుతో ఒకామె వస్తోంది. చెమటలు కక్కుకుంటూ ఇసకలో బండి తోస్తున్న ఇద్దరినీ, ఎర్రబడ్డ వాళ్ళ కళ్ళనీ చూసి జాలిపడింది.

"పెట్రోలు అయిపోనాదేటమ్మా?"

"లేదు మామ్మా" అంది తులసి, భుజానికి కళ్ళు తుడుచుకుంటూ. "ట్యాంకు నిండా ఉన్నాది."

ఆమె అర్థం కానట్టు చూసి వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ తోట కనుమరుగై, తార్రోడ్డు వచ్చి, అదీ కొంత దాటేదాకా బండి స్టార్టు చెయ్యలేదు.